హింస గురించి పాఠం చెప్పేవారికి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

మహిళలపై హింస గురించి బడిలో, సంఘంలో, ఊళ్లో మాట్లాడేవారు ఎలాంటి బోధన సామగ్రి వాడాలన్న విషయంపై ప్రశ్నలు పంపమని గత సంచికలో పాఠకులను కోరాం. ఉపాధ్యాయులు, పొదుపు సంఘాల కార్యకర్తలు, విద్యార్థులు, తల్లిదండ్రులు రాసిన ఉత్తరాల్లోంచి కొన్నింటికి ఇక్కడ జవాబులు రాస్తున్నాను. విషయం సున్నితమైనది కనుక రాసినవారి పేర్లు, ఊళ్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం బోధిస్తాను. నవంబరు 25న మహిళలపై హింస నిర్మూలన దినం పేరుతో వ్యాసరచన పోటీ పెడతాం, ర్యాలీ తీస్తాం, ఫొటోలు పై అధికారులకు పంపుతాం. మరునాటికి పిల్లలకు ఏమీ గుర్తుండదు. ఎనిమిది నుంచి పదో తరగతి పిల్లలకు నిజంగా పనికొచ్చే సాధనాలేమైనా ఉన్నాయా?

జవాబు: ఆ తేదీ వెనుక ఉన్న చరిత్ర పిల్లలకు చెప్పదగినదే. డొమినికన్ రిపబ్లిక్‌లో నియంత ట్రుహీయో పాలనను ఎదిరించిన మిరాబల్ అక్కచెల్లెళ్లు ముగ్గురిని 1960 నవంబరు 25న చంపించారు. 1999లో ఐక్యరాజ్యసమితి ఆ రోజును మహిళలపై హింస నిర్మూలన దినంగా ప్రకటించింది. అయితే ఒక్కరోజు కార్యక్రమంతో పిల్లల ఆలోచన మారదన్న మీ అనుమానం సరైనదే. హర్యానాలో బ్రేక్‌త్రూ అనే సంస్థ 2014లో మొదలుపెట్టి ప్రభుత్వ బడుల్లో ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు రెండున్నరేళ్లపాటు, సుమారు మూడు వారాలకొకసారి ముప్పావు గంట చొప్పున స్త్రీపురుష సమానత్వంపై తరగతులు నడిపింది. మొత్తం 314 బడులను ఎంచుకుని, తరగతులు జరిగిన బడులను జరగని బడులతో పోల్చి ఆర్థికవేత్తలు ఫలితాలను కొలిచారు. ఆడపిల్లల చదువు, ఉద్యోగం, ఇంట్లో వారి స్థానం గురించి పిల్లల అభిప్రాయాలు మెరుగుపడ్డాయి, మగపిల్లలు ఇంటిపనిలో మునుపటికంటే ఎక్కువగా పాలుపంచుకుంటున్నామని చెప్పారు, కార్యక్రమం ముగిసిన రెండేళ్ల తర్వాత చూసినా ఆ మార్పు చాలావరకు నిలిచే ఉంది. అందుకని ర్యాలీకి పెట్టే శ్రమను ఏడాది పొడవునా నెలకొక పీరియడుగా పంచండి. ఏ సాధనం తీసుకున్నా దాన్ని పదేపదే వాడినప్పుడే ఫలితం ఉంటుంది.

ఇక సాధనం సంగతి. మెక్సికోలోని జాతీయ పాలిటెక్నిక్ సంస్థ తన విద్యార్థుల కోసం ఒక స్కేలు తయారుచేసింది. చూడడానికి జామెట్రీ బాక్సు పక్కన పెట్టుకునే ముప్పై సెంటీమీటర్ల స్కేలే, కానీ గీతల పక్కన హింసాత్మక ప్రవర్తనలు వరుసగా అచ్చువేసి ఉంటాయి. మొదట్లో మనసు నొప్పించే జోకులు, అబద్ధాలు, మాట్లాడడం మానేసి సాధించడం, అనుమానించడం, నలుగురిలో అవమానించడం, ఇక్కడికి వెళ్లకు, వారితో మాట్లాడకు అని ఆంక్షలు పెట్టడం ఉంటాయి. మధ్యలో వస్తువులు పగలగొట్టడం, ఆటకన్నట్టు కొట్టడం, గిల్లడం, తోయడం, చెంపదెబ్బ వస్తాయి. ఆ పైన గదిలో బంధించడం, ఆయుధం చూపి బెదిరించడం, అత్యాచారం, చిట్టచివరి గీత దగ్గర హత్య ఉంటాయి. మూడు భాగాలకూ మూడు హెచ్చరికలున్నాయి: జాగ్రత్తపడు, స్పందించు, నిపుణుల సాయం తీసుకో. హింస అంటే రక్తం కారడం ఒక్కటే అనుకునే పిల్లలకు, అది చాలా ముందే మొదలవుతుందని ఈ స్కేలు ఏ ఉపన్యాసం అక్కర్లేకుండా చూపిస్తుంది.

దాన్ని ఉన్నదున్నట్టు తెలుగులోకి మార్చి పంచిపెట్టవద్దు. మీ పిల్లల చేతనే కొత్తది తయారుచేయించండి. అట్టముక్కల మీద ఒక్కో ప్రవర్తన రాయండి: ఫోను లాక్కుని చూడడం, పాస్‌వర్డు అడగడం, ట్యూషన్ దగ్గర కాపుకాయడం, కాదంటే చచ్చిపోతానని బెదిరించడం, ఫొటోలు మార్చి గ్రూపుల్లో పెడతాననడం, చదువు మాన్పించడం, కట్నం తేలేదని దెప్పడం, చేయిచేసుకోవడం. తరగతిని చిన్న బృందాలుగా విడదీసి, ఏది ఏ గీత దగ్గర ఉండాలో నిర్ణయించమనండి. వెంటపడడాన్ని చాలామంది మగపిల్లలు ప్రేమ కింద లెక్కగట్టి అట్టడుగున పెడతారు, ఆడపిల్లలు అదే అట్టముక్కను తీసుకెళ్లి పైన పెడతారు. అక్కడ వచ్చే వాదనే అసలైన పాఠం. వాదన సాగనిచ్చి, ఆడపిల్లలు ఆ దారిలో నడిచేటప్పుడు ఏం ఆలోచిస్తారో చెప్పనిచ్చి, ఆ తర్వాత మాత్రమే భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ ప్రకారం ఇష్టం లేదని చెప్పినా పదేపదే వెంటపడడం నేరమని, మొదటిసారి రుజువైతే మూడేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చని చెప్పండి. చట్టంతో మొదలుపెడితే మగపిల్లలు భయపడి నోరు మూసుకుంటారు తప్ప ఆలోచించరు.

రెండు జాగ్రత్తలు తప్పనిసరి. హింస ఎప్పుడూ స్కేలు మీది వరుసలోనే సాగదని, ఒక్కోసారి మొదటి గీత నుంచి చివరి గీతకు దూకుతుందని పిల్లలకు చెప్పాలి. అలాగే, మీ ఇంట్లో ఇలా జరుగుతుందా, ఎంతమంది చేతులెత్తుతారు అని ఎప్పుడూ అడగకూడదు. తరగతి బయట తాళం వేసిన చీటీల పెట్టె ఒకటి పెట్టండి. అందులోకి వచ్చే చీటీలను ఎవరు చదవాలో, చదివాక ఏం చేయాలో ముందుగా నిర్ణయించుకున్న తర్వాతే మొదటి పాఠం చెప్పండి. దీని గురించి చివరి జవాబులో వివరంగా రాశాను.

ప్రశ్న: నేను గ్రామ సంఘంలో సహాయకురాలిగా (వీవోఏ) పనిచేస్తున్నాను. గృహహింసపై అవగాహన కల్పించమని మాకు ఫ్లిప్ చార్టు ఇచ్చారు. తెరవగానే మొదటి బొమ్మలో భర్త భార్య జుట్టు పట్టుకుని కొడుతుంటాడు. అది చూసి కొందరు తల దించుకుంటారు, కొందరు "తప్పు చేస్తే మొగుడు ఆ మాత్రం కొట్టడా?" అంటారు. అత్తల వయసు వారయితే అసలు ఒప్పుకోరు. ఎలా మొదలుపెట్టాలి?

జవాబు: అమ్మా, ఆ మాట ఒక్క మీ ఊళ్లోనే వినిపించేది కాదు. 2019–21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఏడు సందర్భాలు చెప్పి, వాటిలో భార్యను కొట్టడం సమంజసమేనా అని అడిగారు: చెప్పకుండా బయటికి వెళ్లడం, ఇంటినో పిల్లలనో సరిగ్గా చూసుకోకపోవడం, ఎదురు మాట్లాడడం, పడకకు ఒప్పుకోకపోవడం, వంట సరిగ్గా చేయకపోవడం, శీలంపై అనుమానం రావడం, అత్తమామలను గౌరవించకపోవడం. వీటిలో కనీసం ఒక్కదానికైనా కొట్టవచ్చు అన్న మహిళలు తెలంగాణలో 83.8 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 83.6 శాతం. దేశం మొత్తం మీద అది 45.4 శాతమే. తెలంగాణలో అలా అన్న పురుషులు 70.4 శాతం, అంటే మహిళలకంటే తక్కువ.

ఈ అంకెలు చూపించి ఆడవాళ్లకు ఆడవాళ్లే శత్రువులని తేల్చేసేవారున్నారు. నేను ఆ మాట ఒప్పుకోను. తిరిగి వెళ్లడానికి పుట్టింటి చోటు లేని, చేతిలో డబ్బు లేని మనిషి తనకు పడిన దెబ్బకు ఒక కారణం వెతుక్కుంటుంది. ఆ కారణం తన తప్పే అనుకుంటే, రేపు ఆ తప్పు చేయకుండా ఉంటే దెబ్బ తప్పించుకోవచ్చన్న ఆశ అయినా మిగులుతుంది. దెబ్బకు కారణమే లేదని ఒప్పుకోవడం ఆమెకు దెబ్బకంటే భయంకరం. కాబట్టి కొట్టడం తప్పు అని మీరు ముందే ప్రకటిస్తే, ఆమె ఇన్నేళ్లూ ఓర్చుకున్నదంతా వృథా అన్నట్టు వినిపిస్తుంది. ఆమె తన ఓర్పును వెనకేసుకొస్తుంది, మాట అక్కడితో ఆగిపోతుంది.

ఆ మొదటి బొమ్మను పక్కన పెట్టండి. ఉగాండా రాజధాని కంపాలాలోని రైజింగ్ వాయిసెస్ అనే సంస్థ రూపొందించిన సాసా అనే పద్ధతి హింస గురించి కాకుండా అధికారం గురించి ప్రశ్నలతో మొదలవుతుంది. అదే దారిలో మీ సమావేశంలో సులువైన ప్రశ్నలు అడగండి. సంఘం నుంచి అప్పు ఎవరి పేరున తీసుకున్నాం? ఆ డబ్బు ఎవరు ఖర్చుపెట్టారు? కిస్తీ ఎవరు కడుతున్నారు? పుట్టింటికి వెళ్లాలంటే ఎవరిని అడగాలి? వద్దంటే ఏమవుతుంది? కిస్తీ లెక్కలు మాట్లాడడానికి ఎవరూ సిగ్గుపడరు. కానీ ఆ చివరి ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి హింస తనంతట తానే మాటల్లోకి వస్తుంది, అదీ మీ నోటి నుంచి కాకుండా వారి నోటి నుంచి.

తర్వాతి సమావేశంలో నేల మీద ముగ్గుపిండితో పెద్ద వృత్తం గీసి ఎనిమిది భాగాలు చేయండి. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రం డలూత్ పట్టణంలో 1984లో భర్తల చేతిలో దెబ్బలు తిన్న మహిళల బృందాలతో మాట్లాడి, వారు చెప్పినదాన్నిబట్టి గీసిన చక్రం ఇది. బెదిరించి భయపెట్టడం, మనసును గాయపరచడం, నలుగురికీ దూరం చేయడం, కొట్టి కూడా ఏమీ జరగలేదనడం లేదా తప్పు ఆమె మీదకే నెట్టడం, పిల్లలను అడ్డంపెట్టుకోవడం, మగవాడినన్న పెత్తనం, డబ్బు చేతికివ్వకపోవడం, బలవంతపెట్టి పనులు చేయించడం అనే ఎనిమిది భాగాలకూ అక్షరాలకు బదులు ఒక్కో వస్తువు గుర్తుగా పెట్టండి: డబ్బుకు రూపాయి నాణెం, దూరం చేయడానికి తాళం, పిల్లలకు పలక. ప్రతి ఒక్కరికీ గుప్పెడు చింతపిక్కలు ఇచ్చి, మన ఊళ్లో ఏది ఎక్కువగా ఉందనుకుంటే ఆ భాగంలో ఎక్కువ పిక్కలు వేయమనండి. 'మీ ఇంట్లో' అని అనవద్దు, 'మన ఊళ్లో' అనండి. అందరూ వేశాక పిక్కల గుట్టలు చూస్తే, తమ ఇంటి రహస్యం అనుకున్నది ఊరంతటా ఉన్న సంగతని ఎవరూ ఎవరినీ వేలెత్తి చూపకుండానే తెలుస్తుంది. చదువురాని పెద్దవారు కూడా ఈ పనిలో సమంగా పాల్గొనగలరు.

మన నేల మీద ఇందుకు గొప్ప ఉదాహరణ ఉంది. 1990ల తొలి ఏళ్లలో నెల్లూరు జిల్లాలో అక్షర దీపం పేరుతో సాగిన అక్షరాస్యత ఉద్యమంలో వయోజనులకు ఇచ్చిన వాచకంలో 'సీతమ్మ కథ' అనే పాఠం ఉండేది. సారా వల్ల ఇంటికి వచ్చే కష్టాలను అది ముందుపెట్టింది. రాత్రిబడిలో కూర్చున్న ఆడవాళ్లు ఆ పాఠంలో తమ బతుకునే చదువుకున్నారు. దూబగుంటలో రోశమ్మ వంటివారు ముందు నిలబడి సారా అమ్మకాన్ని అడ్డుకున్నారు. ఆ సంఘటనే 'ఆడవాళ్లు ఏకమైతే' అనే పాఠంగా తర్వాతి వాచకంలోకి వచ్చి ఊరూరా చేరింది. ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వం సారాను నిషేధించింది. తాగుడు ఒక్కటే హింసకు కారణం కాదని, తాగని ఇళ్లలో కూడా దెబ్బలుంటాయని ఈనాడు మనకు తెలుసు. అయినా, చదివేవారి బతుకు నుంచి పుట్టి, నలుగురు కలిసి చదివి, చదివాక కలిసి చేయగల పని ఒకటి చూపించిన పాఠం ఎంత దూరం వెళ్లగలదో చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి నిదర్శనం కనిపించదు.

అత్తల వయసు వారి విషయానికి వస్తే, వారిని తప్పుపట్టే బొమ్మలు చూపించకండి. వారిని సాయం చేయగల పెద్దరికంలో నిలబెట్టండి. ఉగాండాలోనే వందకు పైగా పల్లెల్లో సినిమా ప్రదర్శనలు పెట్టి, వాటిలో కొన్ని పల్లెల్లో విరామంలో గృహహింసపై చిన్న చిన్న చిత్రాలు చూపించి పరిశోధకులు ఫలితాలు కొలిచారు. కొట్టడం తప్పా ఒప్పా అన్న అభిప్రాయాలు పెద్దగా మారలేదు. కానీ హింస సంగతి తెలిస్తే బయటికి చెబుతామన్న మహిళలు పెరిగారు, ఆ తర్వాతి నెలల్లో ఆ పల్లెల్లో మహిళలపై హింస తగ్గింది. చెబితే ఊరు తమనే ఆడిపోసుకుంటుందన్న భయం తగ్గడం ఇందుకు కారణమని ఆ పరిశోధకులు భావించారు. మీ సమావేశంలోనూ అందరి మనసులూ మారేదాకా ఆగనక్కర్లేదు. "పక్కింటి కోడలు రాత్రిపూట మీ తలుపు తడితే ఏం చేస్తారు?" అని పెద్దవారిని అడగండి. లోపలికి రానిస్తామని పదిమంది నోట అందరి ఎదుటా వస్తే, ఆ మాట విన్న కోడళ్లకు ఆ రోజు ఒక తలుపు తెరిచినట్టే.

ప్రశ్న: మేం డిగ్రీ విద్యార్థులం. మా జిల్లాలో ఈమధ్య జరిగిన ఒక అత్యాచార ఘటనను వీధినాటకంగా కళ్లకు కట్టినట్టు ప్రదర్శించాలని, పత్రికల్లో, ఫోన్లలో వచ్చిన బాధితురాలి ఫొటోతో పోస్టర్లు వేయాలని అనుకుంటున్నాం. సలహా ఇవ్వగలరు.

జవాబు: మీ ఆవేదన అర్థమవుతోంది. అయినా ఆ పోస్టర్లు వేయకండి. అత్యాచార బాధితురాలి పేరు, ఫొటో, ఆమెను గుర్తుపట్టే వీలిచ్చే ఏ వివరాన్నైనా ప్రచురించడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం, రెండేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. ఆమె మరణించినా ఆ రక్షణ పోదు. పద్దెనిమిదేళ్లలోపు పిల్ల అయితే పోక్సో చట్టం 23వ సెక్షన్ కూడా వర్తిస్తుంది. పేరు మార్చి ఊరు, కాలేజీ, తండ్రి వృత్తి చెప్పినా గుర్తుపట్టించినట్టే అవుతుంది.

అత్యాచారాన్ని నటించి చూపించడం కూడా వద్దు. గుంపులో అలాంటిది అనుభవించినవారు ఉంటారు. అదే గుంపులో ఈలలు వేసేవారూ ఉంటారు. మొదటివారు మళ్లీ గాయపడతారు, రెండోవారికి వినోదం దొరుకుతుంది. నేరానికి ముందు, తర్వాత చుట్టుపక్కలవారు ఏం చేశారన్నది చూపించండి. 2008లో బ్రేక్‌త్రూ సంస్థ బెల్ బజావో పేరుతో చేసిన ప్రచారంలో దెబ్బలు ఎక్కడా కనిపించవు. పక్కింట్లోంచి అరుపులు వినిపించగానే ఒక మామూలు మనిషి వెళ్లి కాలింగ్ బెల్ కొట్టి, ఏదో చిన్న సాయం అడిగే నెపంతో గుమ్మంలో నిలబడతాడు. అంతే. చూసినవారికి తాము రేపు చేయగల పని ఒకటి తెలుస్తుంది. బ్రెజిల్ నాటకకర్త ఆగస్టో బోల్ రూపొందించిన ఫోరం థియేటర్ మీకు ఇంకా బాగా పనికొస్తుంది. నాటకం ఒకసారి విషాదాంతం దాకా ఆడి, రెండోసారి ఆడేటప్పుడు ప్రేక్షకుల్లో ఎవరైనా 'ఆపండి' అని లేచి వచ్చి, ఒక పాత్ర స్థానంలో నిలబడి వేరే విధంగా నడిచి చూపించవచ్చు. పశ్చిమ బెంగాల్ పల్లెల్లో జనసంస్కృతి అనే బృందం 1980ల నుంచి ఈ పద్ధతిలోనే బాల్యవివాహాలు, గృహహింసలపై నాటకాలు ఆడుతోంది. కొట్టే భర్త స్థానంలోకి మాత్రం ఎవరినీ రానివ్వకండి. అన్న, మామ, పొరుగింటాయన, వార్డు మెంబరు పాత్రల్లోకి రమ్మనండి. ఎందుకంటే ఊళ్లో ఎక్కువమంది ఉండేది ఆ స్థానాల్లోనే. స్క్రిప్టు రాసేముందు, హైదరాబాద్ జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ విద్యార్థుల కోసం తెలుగు అకాడమీ 2015లో తెలుగు, ఇంగ్లీషు భాషల్లో ప్రచురించిన జెండర్ పాఠ్యపుస్తకం దొరికితే బృందమంతా కలిసి చదవండి.

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది. కరాటే నేర్పిస్తున్నాను, ఫోనులో పోలీసుల యాప్ వేయించాను. ఇంకా ఏం నేర్పాలి?

జవాబు: రెండూ మంచివే. తెలంగాణలో టీ-సేఫ్, ఆంధ్రప్రదేశ్‌లో శక్తి, ఎక్కడైనా 112 నంబరు ఆమెకు తెలిసి ఉండాలి. కానీ ఈ సామగ్రి అంతా దారికాచే అపరిచితుడిని ఊహించుకుని తయారైనది. జాతీయ నేర గణాంకాల ప్రకారం నమోదైన అత్యాచార కేసుల్లో ఏటా తొంభై శాతానికి పైగా నిందితులు బాధితురాలికి తెలిసినవారే. చిన్నప్పటి నుంచి ఎత్తుకు తిరిగిన బంధువు మీద, పాఠం చెప్పే మాస్టారు మీద, ప్రేమిస్తున్నానన్న కుర్రవాడి మీద ఏ పిల్లా మొదటి క్షణంలో కరాటే ప్రయోగించదు. ఆమెకు అప్పుడు కావలసింది చెప్పుకునే మనిషి. "ఏం జరిగినా నాతో చెప్పు, నీ చదువు మాన్పించను, నీ ఫోను లాక్కోను, నిన్ను తిట్టను" అని మీరు ఇవాళే మాట ఇవ్వండి. ఫొటోలు బయటపెడతానని ఎవరైనా బెదిరిస్తే డబ్బులిచ్చి, బతిమాలి నెలల తరబడి నలిగిపోయే పిల్లలు చాలామంది, ఇంట్లో తెలిస్తే కాలేజీ మాన్పిస్తారన్న ఒక్క భయంతోనే అలా నలుగుతారు. సైబర్ నేరాలకు 1930 నంబరు, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్ ఉన్నాయని కలిసి కూర్చుని ఆమెకు చూపించండి. ఇంట్లో మగపిల్లవాడు ఉంటే అతణ్నీ పక్కనే కూర్చోబెట్టండి.

ప్రశ్న: నేను రిటైరయిన ప్రధానోపాధ్యాయుణ్ని. ఆడపిల్లలకు చట్టాలు నూరిపోస్తే సంసారాలు కూలిపోతాయని, చట్టాలు దుర్వినియోగమవుతాయని నా అభిప్రాయం. మంచి మాటలతో నీతి బోధిస్తే సరిపోదా?

జవాబు: మాస్టారూ, మీ ప్రశ్నను తీసిపారేయను, ఎందుకంటే చాలామంది మనసులో ఉన్న మాటే మీరు రాశారు. 2005 గృహహింస చట్టం గురించి జనంలో ఉన్న ఊహకూ, చట్టంలో ఉన్నదానికీ చాలా తేడా ఉంది. ఆ చట్టం కింద మేజిస్ట్రేటు ఇచ్చేవి ప్రధానంగా రక్షణ ఉత్తర్వు, ఆ ఇంట్లోనే నివసించే హక్కు, ఖర్చులకు డబ్బు, పిల్లల తాత్కాలిక సంరక్షణ, నష్టపరిహారం. రక్షణ ఉత్తర్వును ఉల్లంఘిస్తేనే జైలు ప్రస్తావన వస్తుంది. అంటే సంసారం కూల్చకుండా దెబ్బ ఆపమని అడగడానికి వీలిచ్చే చట్టం ఇది. వినే సాక్ష్యాలు, విచారించే న్యాయస్థానం ఉన్నాయి కనుక తప్పుడు ఫిర్యాదు సంగతి అక్కడ తేలుతుంది. మరోవైపు, పైన చెప్పిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో హింసకు గురైన మహిళల్లో ఎవరినైనా సాయం అడిగినవారు 14 శాతమే. అతిగా ఫిర్యాదు చేస్తున్నారన్న మాట ఈ అంకె ముందు నిలబడడం కష్టం.

మీవంటి అనుభవజ్ఞుడికి ఒక పని అప్పగించాలని ఉంది. ఆ చట్టం నియమావళిలోనే బాధితురాలికి తన హక్కులు చెప్పే నాలుగో నమూనా ఫారం ఒకటుంది. హింస అంటే ఏమిటో అందులో మామూలు మాటల్లో విడమరిచి రాశారు. కొట్టడం, తన్నడంతోపాటు కొడుకు పుట్టలేదని దెప్పడం, చదువుకు, ఉద్యోగానికి వెళ్లనివ్వకపోవడం, ఇష్టం లేని పెళ్లికి బలవంతపెట్టడం, తిండికి, మందులకు డబ్బివ్వకపోవడం, జీతం లాక్కోవడం, చెప్పకుండా స్త్రీధనం అమ్మడం లేదా తాకట్టు పెట్టడం అందులో ఉన్నాయి. గ్రంథాలయంలో సాయంత్రంపూట మగవారిని కూర్చోబెట్టి, ఒక్కొక్క వాక్యం చదివి, మన ఊళ్లో దీన్ని మామూలుగా ఏమంటారని అడగండి. నీతి బోధ కూడా తప్పక చేయండి, కానీ అది మగపిల్లలకు కూడా అందాలి. ఇన్నాళ్లూ ఓర్పు గురించిన నీతి ఒక పక్కకే చెప్పాం. చట్టం గురించి ప్రచారం చేయవలసిన బాధ్యతను అదే చట్టం 11వ సెక్షన్ ప్రభుత్వాల మీద పెట్టింది. కాబట్టి ఇది ఎవరో అదనంగా నెత్తికెత్తుకున్న పని కాదు.

ప్రశ్న: అంగన్‌వాడీ కార్యకర్తను. శరీర భద్రతపై బొమ్మలతో పిల్లలకు, కిశోర బాలికలకు పాఠం చెప్పాక ఒక పిల్ల నా దగ్గరికి వచ్చి తనకు జరిగింది చెబితే ఏం చేయాలి? నాకు భయంగా ఉంది.

జవాబు: ఈ ప్రశ్న అందరికంటే ముందుగా అడగవలసినది. బొమ్మల పుస్తకం, స్కేలు, నాటకం, చిత్రం ఏవైనా సరే, సరిగ్గా పనిచేస్తే ఎవరో ఒకరు వచ్చి చెబుతారు. చెప్పినప్పుడు ఏం చేయాలో తెలియకుండా పాఠం మొదలుపెట్టడం ఆ పిల్లకు అన్యాయం చేయడమే.

మొదట కూర్చుని వినండి. ఎందుకు వెళ్లావు, అప్పుడే ఎందుకు చెప్పలేదు అని అడగకండి, వివరాలు రాబట్టకండి, మళ్లీ మళ్లీ చెప్పించకండి. "చెప్పి మంచి పని చేశావు, ఇందులో నీ తప్పు లేదు" అనండి. ఎవరికీ చెప్పనని మాత్రం మాట ఇవ్వకండి, ఎందుకంటే ఆ మాట మీరు నిలబెట్టుకోలేరు. పద్దెనిమిదేళ్లలోపు పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలని పోక్సో చట్టం 19వ సెక్షన్ చెబుతోంది. చెప్పకపోవడమే నేరం. "నీకు సాయం చేయగలవారికి మాత్రమే చెబుతాను, ఎవరికి చెబుతున్నానో నీకు ముందుగా చెబుతాను" అనండి. ఇంట్లోవారే తప్పు చేసినవారయితే ముందుగా ఇంటికి కబురు పంపకండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. పిల్ల వాంగ్మూలాన్ని వీలైనంతవరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి, యూనిఫాం లేకుండా, పిల్ల ఇంటి దగ్గరో తనకు నచ్చిన చోటో నమోదు చేయాలని చట్టం చెబుతోంది. రాత్రిపూట పిల్లను స్టేషన్‌లో ఉంచకూడదు. ఈ సంగతులు మీకు తెలిసి ఉంటే పిల్లకు ధైర్యం చెప్పగలరు, అవసరమైతే గట్టిగా అడగగలరు.

వచ్చినది పెద్దవారయితే దారి వేరు. ఆమె ఒప్పుకోకుండా ఫిర్యాదు పెట్టించకండి. ఏం చేయాలన్నది ఆమె నిర్ణయం, ఎందుకంటే ఆ రాత్రి ఆ ఇంటికి తిరిగి వెళ్లవలసింది ఆమె. 181 మహిళా హెల్ప్‌లైన్ ఇరవైనాలుగు గంటలూ పనిచేస్తుంది. జిల్లాల్లోని సఖి కేంద్రాల్లో వైద్యం, పోలీసు సాయం, న్యాయ సలహా, కౌన్సెలింగ్, కొద్ది రోజుల ఆశ్రయం ఒకేచోట దొరుకుతాయి. మహిళా శిశు సంక్షేమ శాఖలోని రక్షణ అధికారి డీఐఆర్ అని పిలిచే గృహహింస నివేదిక నింపి మేజిస్ట్రేటుకు పంపుతారు. ఆదాయం ఎంతున్నా మహిళలకు న్యాయ సహాయం ఉచితం, అందుకు 15100 నంబరుకు ఫోన్ చేయవచ్చు. గృహహింస జరుగుతోందని నమ్మే కారణం ఉన్న ఎవరైనా రక్షణ అధికారికి చెప్పవచ్చని, మంచి ఉద్దేశంతో చెప్పినవారిపై ఏ బాధ్యతా ఉండదని గృహహింస చట్టం 4వ సెక్షన్ హామీ ఇచ్చింది. మీ భయానికి జవాబు అందులో కొంత ఉంది.

పాఠం మొదలుపెట్టే ముందే ఒకరోజు మీ దగ్గరలోని సఖి కేంద్రానికి వెళ్లి రండి. అక్కడి కౌన్సెలర్‌తో మాట్లాడి, నేరుగా చేయవలసిన ఫోను నంబరు తీసుకోండి. మీ సూపర్‌వైజరుకు కూడా ముందుగా తెలియజేయండి. పాఠం చెప్పిన రోజు సాయంత్రం వరకు కేంద్రంలోనే ఉండండి, ఎందుకంటే చెప్పాలనుకునే పిల్లలు సాధారణంగా అందరూ వెళ్లిపోయాకనే వస్తారు.